అడవిని మేసిన ముళ్ళబంతులు

1928లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ఒక పాత ఓడ ప్రయాణపు దినచర్యను అచ్చేసింది. రాసినవాడు జేమ్స్ స్ట్రేంజ్, ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో ఉద్యోగి. 1785 డిసెంబరులో 'కెప్టెన్ కుక్', 'ఎక్స్‌పెరిమెంట్' అనే రెండు ఓడలతో బొంబాయి నుంచి బయల్దేరి, మరుసటి వేసవికి ఇప్పటి కెనడా పడమటి ఒడ్డున నూట్కా అనే చోటికి చేరాడు. అంత దూరం ఎందుకయ్యా అంటే, తోళ్ళ కోసం. అక్కడి చల్లటి సముద్రంలో ఈదే ఒక జంతువు తోలుకి చైనాలో విపరీతమైన గిరాకీ ఉందని అప్పటికి కొన్నేళ్ళుగా వ్యాపారులందరికీ తెలిసిపోయింది.

స్ట్రేంజ్‌కి ఆశించినంత లాభం రాలేదు, అది వేరే కథ. నాకు ఆసక్తి కలిగించేది ఇంకోటి. ఆ వ్యాపారం మిగిల్చిన కాగితాల్లో తోళ్ళ లెక్కలుంటాయి. వాటికి బదులిచ్చిన ఇనుము, రాగి లెక్కలుంటాయి. ధరలు, తగాదాలు, తుఫానులు అన్నీ ఉంటాయి. పడవ కింద, నాలుగు నిలువుల లోతులో ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ పట్టలేదు. పట్టాల్సిన అవసరం వాళ్ళకి కనపడలేదు కూడా. ఆ కింద, రాళ్ళ పగుళ్ళలో, ముళ్ళబంతుల్లాంటి జీవులు కూర్చుని ఉన్నాయి. పైన తోళ్ళు లెక్కపెడుతున్నకొద్దీ కింద వాటి జాతకం మారిపోతోంది. ఈ వ్యాసం వాటి గురించి.

ఇంగ్లీషులో వాటిని సీ అర్చిన్ అంటారు. అర్చిన్ అంటే పాత ఇంగ్లీషులో ముళ్ళజంతువు హెడ్జ్‌హాగ్. విశాఖ వైపు రాళ్ళ తీరంలో పోటు తగ్గినప్పుడు నీటిగుంటల్లో చూస్తే మనకీ కనిపిస్తాయి, నల్లగా, పలకరిస్తే పొడిచేటట్టు. ఇక్కడ నేను అర్చిన్ అనే రాస్తాను. తోలు జంతువు పేరుతో మాత్రం చిక్కుంది. సీ ఓటర్ అని రాస్తే ఇదేదో ఎన్నికల వ్యాసం అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి నీటికుక్క అంటాను. కోరింగ మడ అడవుల్లో తిరిగే మన నీటికుక్కకి ఇది దాయాదే. కాకపోతే దీని బతుకంతా ఉప్పునీళ్ళలోనే. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకుని, దాని మీద గుల్లలు పగలగొట్టుకుని తింటుంది.

ముందు అర్చిన్ సంగతి చూద్దాం. పైన ముళ్ళు, కింద నోరు. ముళ్ళ మధ్యనుంచి సన్నని దారాల్లాంటి కాళ్ళు వందల్లో బయటికొస్తాయి, చివర్న అతుక్కునే గిన్నెలతో. మెదడు లేదు. కళ్ళు అనదగ్గవి లేవు, అయినా వెలుగు తెలుస్తుంది. ఒంట్లో ఏది లెక్కపెట్టినా ఐదే. నోట్లో ఐదు పళ్ళు, వాటిని కదిలించే ఒక సంక్లిష్టమైన చట్రం. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందట అరిస్టాటిల్ దాన్ని చూసి లాంతరుతో పోల్చాడు. జీవశాస్త్రంలో ఇప్పటికీ దాని పేరు 'అరిస్టాటిల్ లాంతరు'. ఆ పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, అంచులు చిట్లుతూ తమను తామే సానబెట్టుకుంటాయి. రాతిని కూడా గీరగలవు. ఇంత వింతజీవికి మనతో ఏం సంబంధం అనిపిస్తుంది కానీ, 2006లో కాలిఫోర్నియా ఊదారంగు అర్చిన్ జన్యువుల్ని పూర్తిగా చదివినప్పుడు సుమారు 23 వేల జన్యువులు తేలాయి. వాటిలో 7 వేలకు పైగా మనిషిలోనూ ఉన్నాయి. వంశవృక్షంలో ఈగకంటే, నత్తకంటే అర్చినే మనకి దగ్గరి చుట్టం.

చల్లటి సముద్రాల ఒడ్డున కెల్ప్ అనే నాచుజాతి పెరుగుతుంది. నాచు అనగానే చెరువు మెట్ల మీద జారేది గుర్తొస్తుంది కదా, అది కాదు. తాటిచెట్టంత ఎత్తు, అంతకు మించి కూడా ఎదిగే కెల్ప్‌లు ఉన్నాయి. జెయింట్ కెల్ప్ అనేది అనువైన చోట రోజుకి అడుగుకి పైగా పెరుగుతుంది. చల్లటి నీళ్ళు, అడుగునుంచి పైకొచ్చే పోషకాలు ఉంటేనే ఈ వైభవం. మన వెచ్చటి బంగాళాఖాతంలో కెల్ప్ అడవులు ఉండకపోవడానికి కారణం అదే. ఆ అడవిలో చేపలు గుడ్లు పెడతాయి, పీతలు దాక్కుంటాయి, సీళ్ళు వేటాడతాయి. అర్చిన్ మామూలుగా పగుల్లో కదలకుండా కూర్చుంటుంది. పైనుంచి తెగిపడిన కెల్ప్ ముక్కలు కొట్టుకొస్తే పట్టుకుని నములుతుంది. కూడు ఇంటికే వస్తుంటే బయటికెళ్ళి నీటికుక్క నోట్లో పడే తెలివితక్కువ పని ఎందుకు చేస్తుంది?

ఆ భయం పోయిందనుకోండి. లేదా పైనుంచి పడే కూడు ఆగిపోయిందనుకోండి. అప్పుడు పగుళ్ళలోంచి బయటికొస్తాయి. వందలు, వేలు, ఒక వరసలాగా ముందుకి జరుగుతాయి. కెల్ప్‌ని పైనుంచి కాదు, మొదట్లో కొరుకుతాయి. రాతిని పట్టుకున్న వేరులాంటి భాగం తెగితే అంత పెద్ద మొక్కా లేచి కొట్టుకుపోతుంది. కొన్ని నెలల్లో అడవి పోయి గులాబీ రంగు సున్నపు పొర కప్పుకున్న రాయి మిగులుతుంది, దాని మీద గదిలో తివాచీ పరిచినట్టు అర్చిన్లు. శాస్త్రవేత్తలు దీన్ని 'అర్చిన్ బ్యారెన్' అంటారు. బీడు అందాం. మన బీడు భూమిలో దున్నితే ఏదో ఒకటి పండుతుంది. ఇక్కడ మొలిచిన ప్రతి మొలకనీ కొరకడానికి కాపలాదారులు సిద్ధంగా ఉంటారు కనక, ఒకసారి బీడు పడితే దశాబ్దాలు అలాగే ఉండిపోవచ్చు.

ఇక చరిత్రలోకి. 1741లో డెన్మార్క్‌లో పుట్టి రష్యాకి పనిచేసిన వీటస్ బేరింగ్ అలాస్కా తీరం చూసి తిరిగొస్తూ నవంబరులో ఒక నిర్జన ద్వీపానికి కొట్టుకుపోయాడు. స్కర్వీ రోగంతో మనుషులు రాలిపోయారు. బేరింగ్ కూడా ఆ డిసెంబరులో అక్కడే చనిపోయాడు. మిగిలినవాళ్ళు చలికాలం అంతా నీటికుక్కల్ని, సీళ్ళని చంపుకు తిని బతికారు. వాళ్ళతో ఉన్న జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు గియోర్గ్ స్టెల్లర్ తిన్న ప్రతి జంతువునీ శ్రద్ధగా వర్ణించాడు. నీటికుక్క తల్లులు పిల్లల్ని ఎంత గారాబం చేస్తాయో రాసిన పేజీలు ఆ రోజుల్లో అరుదైనవి. అదే మనిషి ఆ తల్లుల మాంసమూ తిన్నాడు, ఏం చేస్తాడు మరి. మరుసటి వేసవి పగిలిన ఓడ చెక్కలతోనే ఇంకో పడవ కట్టుకుని తిరిగెళ్ళేటప్పుడు వాళ్ళు వందల కొద్దీ తోళ్ళు మోసుకెళ్ళారు.

ఆ తోళ్ళతో మొదలైంది గొడవంతా. నీటికుక్కకి మిగతా సముద్ర జంతువుల్లాగా ఒంట్లో కొవ్వు పొర ఉండదు. చలి ఆగాలంటే బొచ్చే ఆధారం. అందుకే లోకంలో ఏ జంతువుకీ లేనంత ఒత్తైన బొచ్చు, చదరపు అంగుళానికి పది లక్షల వెంట్రుకల దాకా. అది చాలక ఒళ్ళు వేడిగా ఉంచుకోవడానికి రోజుకి తన బరువులో నాలుగో వంతు తిండి తింటుంది. అంటే దాని తోలుని విలువైనది చేసిందీ, దాన్ని అర్చిన్లకి యముడిని చేసిందీ ఒకటే, ఆ చలి. చంపినవాళ్ళకి మొదటి సగం తెలుసు. రెండో సగం తెలియలేదు.

రష్యన్ వేటగాళ్ళు అల్యూషన్ దీవుల వెంట ఒక్కొక్కటిగా తూర్పుకి జరిగారు. స్వయంగా వేటాడింది తక్కువ. దీవుల్లో వేల ఏళ్ళుగా ఉంటున్న ఉనంగన్ ప్రజల కుటుంబాల్ని బందీలుగా పట్టుకుని, మగవాళ్ళని తోలు పడవల్లో సముద్రంలోకి తోలారు. రోగాలు, తుపాకులు, ఆకలి కలిసి ఆ ప్రజల్ని చాలామటుకు తుడిచిపెట్టాయి. 1778లో కుక్ ఓడలు నూట్కాలో ఆగినప్పుడు నావికులు చిల్లర సామాన్లిచ్చి కప్పుకోవడానికని కొన్న తోళ్ళు మరుసటేడు చైనాలో ఎంత ధర పలికాయంటే, వెనక్కెళ్ళి ఇంకా తెద్దామని వాళ్ళు తిరుగుబాటుకి సిద్ధపడ్డారు. ఆ కబురు విన్నాకే బొంబాయి నుంచి మన స్ట్రేంజ్ బయల్దేరింది. కలకత్తా నుంచి, బోస్టన్ నుంచి కూడా ఓడలు కట్టారు. 1911లో రష్యా, జపాన్, అమెరికా, బ్రిటన్ కలిసి ఒప్పందం రాసుకునేసరికి, ఒకప్పుడు లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా ఉండేవని అంచనా వేసిన నీటికుక్కలు వెయ్యో రెండు వేలో మిగిలాయి. అది కూడా అసలు ఫర్ సీళ్ళ కోసం రాసుకున్న ఒప్పందం. వీటిని పక్కన చేర్చారంతే.

కింద బీడు పడుతున్న సంగతి అప్పుడెవరూ రాయలేదన్నాను కదా. మరి మనకెలా తెలిసింది? ఇక్కడ కథలోకి అణుబాంబులు వస్తాయి.

అల్యూషన్ దీవుల్లో అమ్‌చిట్క అనే దీవి ఉంది. వేట నుంచి తప్పించుకున్న నీటికుక్కలు అక్కడ మళ్ళీ బాగా పెరిగాయి. అమెరికా అణుశక్తి సంస్థ 1965, 1969, 1971ల్లో అక్కడే భూమిలోపల మూడు బాంబులు పేల్చింది. చివరిది దాదాపు 5 మెగాటన్నులు, అమెరికా భూగర్భంలో పేల్చినవాటిలో అతి పెద్దది. దాన్ని అడ్డుకోవడానికి ఒక చేపల పడవలో బయల్దేరిన బృందమే తర్వాత గ్రీన్‌పీస్ అయింది. పేలుడుకి ముందూ వెనకా దీవి మీద జంతువులకేం జరుగుతుందో చూడటానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. అలా 1970లో జేమ్స్ ఎస్టెస్ అనే విద్యార్థి అక్కడికి చేరాడు. కెల్ప్ అడవి నీటికుక్కల్ని ఎలా పోషిస్తుందో చూడాలని అతని ఆలోచన. అక్కడికొచ్చిన రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త, ప్రశ్నని తిరగేసి చూడమన్నాడు. నీటికుక్కలు కెల్ప్‌ని ఏం చేస్తున్నాయో చూడు అని.

పోల్చాలంటే నీటికుక్కలు లేని దీవి కావాలి. తోళ్ళ వ్యాపారం అలాంటివి బోలెడు మిగిల్చి పోయింది. పడమరగా కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో షెమ్య అనే దీవిలో వేట తర్వాత అవి మళ్ళీ రాలేదు. ఎస్టెస్ అక్కడ నీళ్ళలో తలపెట్టి చూశాడు. అమ్‌చిట్క చుట్టూ కెల్ప్ అడవి, షెమ్య చుట్టూ నేలంతా అర్చిన్లు. చూసిన క్షణంలోనే విషయం బోధపడిందని తర్వాత చెప్పుకున్నాడు. జాన్ పామిసానోతో కలిసి 1974లో 'సైన్స్' పత్రికలో రాసిన చిన్న వ్యాసం ఇవాళ ప్రతి జీవావరణ పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. నీటికుక్క, అర్చిన్, కెల్ప్, మూడు మెట్లు. పై మెట్టు తీసేస్తే అడుగు మెట్టు కూలిపోతుంది.

పాఠ్యపుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. నాకు మాత్రం 1978లో ఎస్టెస్ ఇంకో ఇద్దరితో, చార్లెస్ సిమెన్‌స్టాడ్, కార్ల్ కెన్యన్‌లతో కలిసి రాసిన వ్యాసమే ముఖ్యం అనిపిస్తుంది. దానికి ఆధారం పెంటదిబ్బలు. అమ్‌చిట్కలో పాత ఉనంగన్ ఊళ్ళ పక్కన సుమారు 2500 ఏళ్ళుగా పేరుకున్న తిండి చెత్త పొరలు. కొన్ని పొరల్లో నీటికుక్క ఎముకలు, సీళ్ళ ఎముకలు, చేపముళ్ళు ఎక్కువ. కొన్నిట్లో అర్చిన్ ముళ్ళు, గుల్లలు గుట్టలుగా. పెద్ద పెద్ద అర్చిన్లు అంత దండిగా దొరికాయంటే ఆ రోజుల్లో ఊరి దగ్గర నీటికుక్కలు కరువై ఉండాలి. అంటే తెల్లవాళ్ళ ఓడలు రాకముందే, ఊరి ముందరి సముద్రంలో మనుషులు నీటికుక్కల్ని వేటాడి తగ్గించి ఉంటారు, అక్కడ బీడు పడి ఉంటుంది, ఆ బీడులో దొరికిన అర్చిన్లని వాళ్ళు తిని ఉంటారు.

ఈ మాట కొందరికి రుచించదు. మూలవాసులు ప్రకృతిని చెక్కుచెదరకుండా కాపాడారనే కథ మనకిష్టం. 'చూశారా, అందరూ ఒకటే' అని తోళ్ళ కంపెనీల పాపం కడగడానికి దీన్ని వాడుకునేవాళ్ళూ ఉంటారు. రెండూ తప్పే అని నా ఉద్దేశం. ఊరి ముందు ఒక బీడు, పక్క అఖాతంలో అడవి, కొన్ని తరాలకి అటుదిటు, ఇది ఒక పద్ధతి. ఆ పద్ధతిలో మనుషులూ నీటికుక్కలూ పక్కపక్కనే 2500 ఏళ్ళు గడిపారు. నూటడెబ్భై ఏళ్ళలో కంచట్కా నుంచి కాలిఫోర్నియా దాకా తుడిచిపెట్టేయడం వేరే పద్ధతి. ఒకటి ఆకలి, ఇంకోటి గిరాకీ. ఆకలికి ఒక కడుపు ఉంటుంది, నిండుతుంది.

అట్లాంటిక్ వైపు ఇదే కథ తలకిందులుగా నడిచింది, క్లుప్తంగా చెబుతాను. అమెరికా ఈశాన్యాన మెయిన్ తీరంలో నీటికుక్కలు లేవు, అర్చిన్లని అదుపులో ఉంచింది కాడ్ లాంటి పెద్ద చేపలు. వాటిని పట్టేశాక అక్కడా బీడు పడింది. 1980ల చివర జపాన్ కొనుగోలుదారులొచ్చారు. అర్చిన్ లోపలి ఐదు పసుపు తొనల్ని జపాన్‌లో 'ఉని' అని ఇష్టంగా తింటారు, సుషీ హోటళ్ళలో మీరూ చూసి ఉంటారు. ఈతగాళ్ళు దిగి ఊడ్చేశారు. 1993 ప్రాంతంలో పట్టు శిఖరానికి చేరి, తర్వాత కూలిపోయింది. కెల్ప్ తిరిగొచ్చింది. నీటికుక్క చేసే పనే మనిషి చేశాడు, ఆపడం తెలియకుండా.

ఇప్పటి గొడవ కాలిఫోర్నియా ఉత్తర తీరానిది. తోళ్ళ వేట తర్వాత నీటికుక్కలు అక్కడికి మళ్ళీ రాలేదు. అయినా వందేళ్ళపాటు కెల్ప్ నిలబడింది. కారణం పొద్దుతిరుగుడు నక్షత్రం అనే పెద్ద స్టార్‌ఫిష్, ఇరవై పైచిలుకు చేతులతో దాదాపు మీటరు వెడల్పు. అది అర్చిన్లని మింగేది, మింగనివాటిని భయపెట్టేది. 2013లో స్టార్‌ఫిష్‌లకి ఒక తెగులు సోకి, చేతులు ఊడిపోయి, ఒళ్ళు కరిగి ముద్దలైపోయాయి. ఆ తెగులుకి కారణం ఒక విబ్రియో బాక్టీరియా అని 2025లో గానీ తేలలేదు. తెగులు వెనకే 2014 నుంచి 2016 దాకా సముద్రం అసాధారణంగా వేడెక్కింది. చలి లేక కెల్ప్ బక్కచిక్కింది, పైనుంచి పడే ముక్కలు తగ్గాయి, ఊదా అర్చిన్లు పగుళ్ళలోంచి బయటికొచ్చాయి. సుమారు 350 కిలోమీటర్ల తీరంలో 90 శాతానికి పైగా కెల్ప్ పోయింది. అదే మేత మీద బతికే అబలోన్ అనే పెద్ద నత్తలు ఆకలితో మాడిపోతే 2018లో వాటి పట్టుని మూసేశారు.

పత్రికలు ఆ అర్చిన్లకి జాంబీలని పేరు పెట్టాయి. నిజమే, మేత అయిపోయాక కూడా అవి చావవు. లోపలి తొనలు ఎండి ఖాళీ అవుతాయి, ప్రాణం నెమ్మదిస్తుంది, అలా ఏళ్ళు గడుపుతాయి. ఖాళీ అర్చిన్ని ఎవరు కొంటారు? ఈతగాళ్ళు పట్టరు. మాంటెరీ అఖాతంలో గమనిస్తే నీటికుక్కలు కూడా బీడులోని ఖాళీ అర్చిన్ల జోలికెళ్ళకుండా, ఇంకా మిగిలిన కెల్ప్ పక్కన బలిసినవాటినే ఏరుకుంటున్నాయి. అంటే నీటికుక్కని తెచ్చి వదిలితే చాలు అడవి లేస్తుందన్న పాఠం అన్నిచోట్లా పనిచేయదు. ఉన్న అడవిని నిలబెట్టగలదేమో. అమ్‌చిట్క చుట్టుపక్కలే 1990ల్లో నీటికుక్కలు మళ్ళీ కుప్పకూలాయి. కిల్లర్ వేల్స్ వాటిని తినడం మొదలెట్టడమే కారణమని ఎస్టెస్ బృందం 1998లో వాదించింది. పాఠం పుట్టిన చోటే పాఠం చెదిరింది, బీడు తిరిగొచ్చింది.

జాంబీ అనే మాట మీద నాకో అభ్యంతరం. నేరం ఎవరి మీద వేయాలో తెలియనప్పుడు ఎదురుగా ఉన్నదాని మీద వేస్తాం. అర్చిన్ తిన్నది దాని మేత. కరువులో ఓపిక పట్టడం దాని విద్య. సుత్తులు పట్టుకుని నీళ్ళలోకి దిగి వాటిని చితకగొట్టే స్వచ్ఛంద ఈతగాళ్ళని తప్పుపట్టను, కొన్నిచోట్ల అలా ఏరేశాకే కెల్ప్ మొలిచింది. హైదా గ్వాయ్ దీవుల్లో హైదా ప్రజలు కెనడా పార్కుల శాఖతో కలిసి ఆ పనే చేశారు, తినదగ్గవి ఊళ్ళో పంచారు. ఆ పంచడం ఉంది చూశారా, అక్కడ అర్చిన్ పురుగు కాదు, కూర.

మళ్ళీ నూట్కా దగ్గరికి. స్ట్రేంజ్ దిగిన తీరానికి కొంచెం ఉత్తరాన క్యూకాట్ అనే చోట 1929లో కెనడాలోని చిట్టచివరి నీటికుక్కని కాల్చేశారు. తర్వాత నలభై ఏళ్ళు అక్కడ అర్చిన్లదే రాజ్యం. నూచానుల్త్ ప్రజలకి అవీ, ఆల్చిప్పలూ, అబలోనూ సులువుగా దొరికే తిండి. 1969 నుంచి 1972 మధ్య, బాంబులు పేల్చిన అమ్‌చిట్క నుంచీ ప్రిన్స్ విలియం సౌండ్ నుంచీ 89 నీటికుక్కల్ని తెచ్చి ఆ పక్కనే చెక్లెసెట్ అఖాతంలో వదిలారు. తీరంలో ఉన్న నూచానుల్త్ వాళ్ళని ఎవరూ అడగలేదు. నీటికుక్కలు వేలకి పెరిగాయి. అడవి లేచింది, చేపలొచ్చాయి, చూడటానికి టూరిస్టులొచ్చారు. ఒడ్డున అర్చిన్లు, గుల్లలు తగ్గిపోయాయి. మా వాకిట్లో తిండిని మమ్మల్ని అడక్కుండా ఇంకొకరికి వడ్డించారని వాళ్ళ ఫిర్యాదు. వాళ్ళ పూర్వీకులు ఊరి దగ్గరికొచ్చిన నీటికుక్కల్ని వేటాడి దూరం పెట్టేవాళ్ళు. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. అంటే ఆ తీరంలో అడవి ఎక్కడ ఉండాలి, బీడు ఎక్కడ ఉండాలి అన్నది ఒకప్పుడు ఊరు తేల్చుకునే విషయం. ఇప్పుడది రాజధానిలో తేలుతుంది.

2003లో థామస్ ఈబర్ట్, జాన్ సౌథన్ ఎర్ర అర్చిన్ల వయసు లెక్కగట్టారు. 1950ల బాంబు పరీక్షల వల్ల గాల్లోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి చేరిన కార్బన్-14 వాటి గుల్లల్లో ఎక్కడ మొదలైందో చూసి, ఎంత నెమ్మదిగా పెరుగుతాయో తేల్చారు. అవి వందేళ్ళు దాటి బతుకుతాయి. బ్రిటిష్ కొలంబియా తీరంలోని బాగా పెద్దవాటి వయసు రెండు వందల ఏళ్ళ దాకా ఉండొచ్చు. ముసలితనపు లక్షణాలు కనపడవు, ఆఖరిదాకా పిల్లల్ని కంటూనే ఉంటాయి. అంటే 1969లో నీటికుక్కల పెట్టెలు తెరిచిన రోజుకి ఆ నీళ్ళలో రెండు రకాల అర్చిన్లు ఉండి ఉండొచ్చు. పుట్టి ముప్ఫై నలభై ఏళ్ళయినా నీటికుక్క నీడ ఎరగనివి కొన్ని. చాలా చిన్నప్పుడు, తోళ్ళ ఓడల చివరి రోజుల్లో, పగుల్లోంచి బయటికి రాకూడదని ఎరిగి ఉన్నవి కొన్ని. పెట్టెలు తెరిచిన కొన్నేళ్ళకి ఆ అఖాతంలో మిగిలిన అర్చిన్లన్నీ మళ్ళీ పగుళ్ళలోనే ఉన్నాయి, పైనుంచి కెల్ప్ ముక్క ఎప్పుడు పడుతుందా అని చూస్తూ.